నిప్పు గుర్రం, ఇనుప కుందేలు

మా పక్కింటి చైనా ఆంటీకీ మాకూ మధ్య ఇరవై రెండేళ్ళుగా ఉన్నవి మూడు: ఒక పిట్టగోడ, ఒక కరివేపాకు చెట్టు, ఒక వాదన. గోడ ఉమ్మడిది. చెట్టు మాదే గానీ సగం కొమ్మలు అటు వంగాయి కనక ఆవిడ వండే వెన్న రొయ్యల్లోకి ఆకు మా ఇంటినించే వెళ్తుంది. (ఇక్కడి చైనా వాళ్ళు కూరలో కరివేపాకు వేస్తారని మా అమ్మకి ఎంత చెప్పినా నమ్మలేదు.) ఇక మూడోది, వాదన. జాతకాన్ని నమ్మడం తప్పా ఒప్పా అని మొదలై అది మరెక్కడికో పోయింది.

నేను 1997లో అకౌంట్సు ఉద్యోగం కోసం కౌలాలంపూర్ వచ్చాను. వచ్చిన ఏడాదే రింగిట్టు విలువ పడిపోయింది. "నీ జాతకమే అంత" అన్నాడు మా బావమరిది, ఆసియా మొత్తాన్ని నేనే ముంచినట్టు. అప్పటికి చైనా వాళ్ళ జాతకాల గురించి నాకు తెలిసింది ఎలుక, ఎద్దు, పులి వరకే. హోటళ్ళలో టేబుల్ మీద పరిచే కాగితాల మీద ఉంటాయే, అవి.

జంతువులు పైకి కనిపించేవి. లోపల నడిచేవి ఐదు: కొయ్య, నిప్పు, మన్ను, లోహం, నీరు. వినగానే "మన పంచభూతాలే కదా" అనిపిస్తుంది. కావు. మన గాలీ ఆకాశమూ వాళ్ళ లెక్కలో లేవు, వాళ్ళ కొయ్యా లోహమూ మన లెక్కలో లేవు. మనవి లోకం దేనితో తయారయిందో చెబుతాయి. వాళ్ళవి అది ఎలా నడుస్తుందో చెబుతాయి. వాటికి వాళ్ళు వాడే 'శింగ్' అన్న మాటకి అర్థమే నడక. కొయ్య నిప్పుని పెంచుతుంది, నిప్పు బూడిదై మన్నవుతుంది, మన్ను కడుపులో లోహం, లోహం మీద నీటిచెమ్మ, నీటితో మళ్ళీ చెట్టు. ఇది పెంచే చక్రం. అదుపు చేసే చక్రం ఇంకొకటి. వేరు మన్నుని చీలుస్తుంది, మన్ను నీటికి గట్టు కడుతుంది, నీరు నిప్పుని ఆర్పుతుంది, నిప్పు లోహాన్ని కరిగిస్తుంది, లోహం గొడ్డలై చెట్టుని నరుకుతుంది.

మనిషి పుట్టిన ఏడాది, నెల, రోజు, గడియ, ఒక్కోదానికి రెండు అక్షరాలు. మొత్తం ఎనిమిది. అందుకే ఆ విద్యని 'ఎనిమిది అక్షరాలు' అంటారు, వాళ్ళ భాషలో బాజీ. మనకి ప్రభవ నించి అక్షయ దాకా అరవై ఉన్నట్టే వాళ్ళ చక్రమూ అరవయ్యే, లెక్క వేసే పద్ధతి వేరయినా. పైపైన చూసుకునేవాళ్ళకి ఒక చిట్కా ఉంది: పుట్టిన సంవత్సరం 4, 5తో ముగిస్తే కొయ్య, 6, 7 నిప్పు, 8, 9 మన్ను, 0, 1 లోహం, 2, 3 నీరు. జనవరిలోనూ ఫిబ్రవరి మొదట్లోనూ పుట్టినవాళ్ళు ఒక ఏడాది వెనక్కి వెళ్ళాల్సి రావచ్చు. తెలిసినవాళ్ళు మాత్రం ఏడాదిని అంతగా పట్టించుకోరు. మనిషి అసలు స్వభావం పుట్టిన రోజు అక్షరంలో ఉంటుందంటారు.

ఆ పైపై లెక్కే 2004లో మా ఆఫీసులో ఒక మనిషి ఉద్యోగం పోగొట్టింది. పోగొట్టడమేమిటి, రాకుండానే చేసింది.

సీనియర్ అకౌంటెంట్ పోస్టుకి ఇంటర్వ్యూలు. బల్లకి ఇటు వైపు మా డైరెక్టరు, నేను. వచ్చినవాళ్ళలో ఒకామె అందరినీ మించింది. పరీక్ష కోసం మేము కావాలని ఒక తప్పు పెట్టి ఇచ్చిన లెక్కల్లో ఆ తప్పునీ పట్టుకుంది, మాకు తెలియకుండా పడ్డ ఇంకో తప్పునీ పట్టుకుంది. ఆమె వెళ్ళాక డైరెక్టరు దరఖాస్తు తిరగేసి పుట్టిన తేదీ చూశారు. 1966. "నిప్పు గుర్రం. గుర్రం స్వభావమూ నిప్పే, ఏడాదీ నిప్పే. నేను 1951, లోహం. కరిగిపోతాను" అన్నారు. నవ్వుతూ అనలేదు. ఆయన చెడ్డవారు కారు. పని వాళ్ళ పిల్లలకి స్కూలు పుస్తకాలు సొంత డబ్బుతో కొనిచ్చేవారు.

నేనేం మాట్లాడలేదు. వాళ్ళ సంప్రదాయం వాళ్ళది, పరాయివాణ్ణి నేనెవరు చెప్పడానికి అనుకున్నాను. అలా అనుకుంటే నాకు నేనే సంస్కారవంతుడిలా కనిపించాను. కానీ నా వర్కు పర్మిట్ పొడిగింపు కాగితం అదే వారం ఆయన సంతకం కోసం బల్ల మీద ఉంది. ఏ కారణం నా నోరు నొక్కిందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆమెకి ఫోన్ చేసి చెప్పే పని నాకే పడింది. ఆమె ఒక్క ప్రశ్నే అడిగింది. "పరీక్షలో ఎక్కడైనా తప్పు చేశానా? చెబితే దిద్దుకుంటాను." అవతలి మనిషికి అనుభవం ఎక్కువని చెప్పాను. అది అబద్ధం. ఆమె ఆ అబద్ధాన్ని నమ్మి, లేని లోపాన్ని తనలో ఎన్నాళ్ళు వెతుక్కుందో.

ఆ సాయంత్రం గోడ దగ్గర ఆంటీకి చెప్పాను. ఆవిడ చైనా స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయింది. గోడ మీద కూడా నల్లబల్ల మీద రాసినట్టు వేలితో గీస్తూ మాట్లాడుతుంది. ముందు నవ్వింది, తర్వాత కోపం వచ్చింది. "మీ ఆయనకి తెలిసింది సగమే. నిప్పు తగలని ఇనుము ఉత్త రాయి. కొలిమిలో పడితేనే కత్తయ్యేది. లోహం బలంగా ఉన్నవాడికి నిప్పు కావాలని చెప్పే పండితులెంతమంది! ఆయన రోజు చూడలేదు, గడియ చూడలేదు."

నాకు సంతోషమేసింది. మరుక్షణం అనుమానం వచ్చింది. "అంటే ఇంకా బాగా తెలిసినవాడు చూస్తే ఆమెకి ఉద్యోగం వచ్చేదన్నమాట. ఆ తెలిసినవాడూ వద్దంటే?" ఆంటీ జవాబు చెప్పలేదు. పొయ్యి మీద సూపు ఉందని లోపలికి వెళ్ళింది.

మా అసలు వాదన అక్కడ మొదలయింది. నిప్పు లోహాన్ని కరిగిస్తుందన్నా నిజమే, పదును పెడుతుందన్నా నిజమే అయితే, ఆ రెంటిలో ఒకటి ఎంచుకున్నది శాస్త్రం కాదు, మా డైరెక్టరు. ఆయనకి ఆమెను చూసి బెదురు పుట్టిందేమో. తను చూడని తప్పు ఆమె చూసింది కదా. ఆ బెదురుని ఐదింటిలో ఒక దాని మీదికి నెట్టేశారు.

ఇది కొత్తేం కాదు. క్రీ.పూ. 221లో చైనాని ఏకం చేసిన చిన్ షి హువాంగ్, ముందున్న చౌ వంశానిది నిప్పు కాబట్టి తనది దాన్ని ఆర్పే నీరు అన్నాడు. నీటి రంగు నలుపని జెండాలు నలుపు చేశాడు, నీటి అంకె ఆరని కొలతలు ఆరుకి మార్చాడు. అక్కడితో ఆగితే వేషం మారిందనుకునేవాళ్ళం. నీటి స్వభావం కఠినమన్న లెక్కతో అన్నిటినీ చట్టం ప్రకారమే, దయాదాక్షిణ్యం లేకుండా తేల్చడం తన మూలకానికి తగిన పాలన అనుకున్నాడని చరిత్రకారుడు సిమా చియెన్ రాశాడు. అదే నీరు పొలానికి కూడా పారుతుంది. ఆ సంగతి చక్రవర్తికి అక్కరకు రాలేదు.

కొన్నాళ్ళకి ఆంటీయే ఇంకో కథ తెచ్చింది. మొదటి శతాబ్దంలో వాంగ్ చుంగ్ అనే ఆయన ఈ జంతువుల లెక్కని ఎగతాళి చేశాడట. ఎలుకది నీరు, గుర్రానిది నిప్పు అయితే ఎలుక గుర్రాన్ని తరమాలి కదా, ఏ ఊళ్ళో తరిమింది అని. కోడి లోహం, కుందేలు కొయ్య, మరి కోడి కుందేలుని పొడవదేం అని. రెండువేల ఏళ్ళ కిందటే వాళ్ళలో వాళ్ళకే ఈ తగువు ఉందని తెలిసి నాకు సిగ్గేసింది. వాళ్ళ సంప్రదాయమని నోరు మూసుకున్నాను గానీ, ఆ సంప్రదాయంలో నా పక్షాన మాట్లాడేవాడు కూడా ఉన్నాడు.

ఇంతా చెప్పి, ఆంటీ జాతకం మానేసిందనుకునేరు. ప్రతి ఏడూ కొత్త సంవత్సరం ముందు ఒక ముసలాయన దగ్గరికి వెళ్తుంది. ఈసారి నీకు నిప్పు ఎక్కువన్నాడనుకోండి, డురియన్ పండు తగ్గిస్తుంది, మంగుస్తాన్ తింటుంది. ఇది మనకి అర్థం కాని విషయమా? మామిడిపండు వేడి చేస్తుంది, సబ్జా చలవ చేస్తుంది అని మన అమ్మమ్మలు అన్నదీ ఇదే. పొద్దున్నే నడుస్తుంది, కోపమొస్తే మొక్కలకి నీళ్ళు పోస్తుంది. నిజంగా నిప్పు ఎక్కువయిందో లేదో గానీ మొక్కలు బాగున్నాయి.

ఒకసారి ఆ ముసలాయన, నీ రెండో ఇంట్లో అద్దెకున్నవాళ్ళు కుక్క సంవత్సరం వాళ్ళు, నీకు పడరు, మార్చెయ్యి అన్నాడట. ఆవిడ మార్చలేదు. ఎందుకని అడిగాను. "లెక్క నాది. సామాను వాళ్ళది. నా లెక్కకి వాళ్ళెందుకు మూటలు కట్టుకోవాలి?"

ఈ విషయం మీద ఆవిడ చెప్పినవాటిలో నాకు ఎక్కువ నచ్చినది ఇదే. నా జాతకానికి నేను ఉపవాసం ఉంటాను, నడుస్తాను, నోరు తగ్గించుకుంటాను, ఖర్చు పెట్టుకుంటాను. అది నిజం కాకపోయినా పోయేది నాదే. ఇంకొకరి ఉద్యోగమో ఇల్లో పెళ్ళో దానికి జమ కట్టే హక్కు నాకెక్కడిది? అంతవరకు నేనూ ఆంటీ ఒకటే. తర్వాతే పేచీ. నా మటుకు నాకు వాడుకున్నా హాని లేదా అన్నది.

1993లో లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. కాలిఫోర్నియాలో చనిపోయిన చైనా అమెరికన్ల వివరాలు చూసి, పుట్టిన ఏడాది మూలకానికి చెడ్డదని చెప్పే జబ్బు (లోహం ఏడాది వాళ్ళకి ఊపిరితిత్తులది, మన్ను ఏడాది వాళ్ళకి గడ్డలు) వచ్చినవాళ్ళు మిగతావాళ్ళకంటే 1.3 నించి 4.9 ఏళ్ళు ముందుగా పోయారన్నారు. నమ్మకం బలంగా ఉన్నవాళ్ళలో తేడా ఎక్కువన్నారు. ఇది చూపించి ఆంటీ మీద గెలిచాననుకున్నాను. 2006లో గేరీ స్మిత్ అనే ఆర్థికశాస్త్రజ్ఞుడు కొత్త లెక్కలతో మళ్ళీ చూస్తే ఆ తేడా కనబడలేదు, జబ్బులు ఎంచుకున్న తీరే సరిగా లేదన్నాడు. కాబట్టి నమ్మకం చంపుతుందని నేను ఒట్టేసి చెప్పలేను. కానీ మా అక్క సంగతి నాకు తెలుసు.

అక్కది మూలా నక్షత్రం, నాలుగో పాదం చివర. మూల పిల్ల మామగారికి గండమని మీకు తెలియంది కాదు. మూడు సంబంధాలు గుమ్మం దాకా వచ్చి తిరిగి వెళ్ళాయి. నాలుగో సంబంధానికి ముందు మా నాన్న పుట్టిన సమయాన్ని గంటంబావు ముందుకి జరిపి రాయించారు. పూర్వాషాఢ అయిపోయింది. 1984లో పెళ్ళి. నాన్న అబద్ధమాడారు. ఆ అబద్ధాన్ని తప్పు పట్టడానికి నాకు ఇప్పటికీ మాట రాదు. తలుపు మూసినవాళ్ళ దగ్గర దొంగతాళం వాడాడాయన, కూతురి కోసం.

కానీ అసలు నక్షత్రం అక్కకి తెలుసు. మామగారికి జ్వరమొస్తే వణికేది. ఆయన్ని ఆసుపత్రిలో చేర్చిన ప్రతిసారీ రాత్రంతా కుర్చీలో కూచునేది తనే. ఊరంతా మెచ్చుకున్నారు, ఎంత మంచి కోడలని. ఆయన 2019లో ఎనభై ఎనిమిదో ఏట నిద్రలో పోయారు. అక్క ఫోన్ చేసింది. కాసేపు ఏడ్చి, గొంతు తగ్గించి అడిగింది. "ఎనభై ఎనిమిది కదరా. ఇది నా లెక్కలోకి రాదు కదా?"

ముప్ఫై అయిదేళ్ళు. కాదక్కా, రాదక్కా అని ఎన్నిసార్లన్నానో.

ఇది చెప్పినప్పుడు ఆంటీ చాలాసేపు గోడ మీద వేలితో గీతలు గీస్తూ ఉండిపోయింది. "మీ అక్కకి ఆ లెక్క ఎవరూ ఇవ్వకుండా ఉండాల్సింది" అంది చివరికి. మా వాదనలో ఆవిడ ఒక మెట్టు దిగింది ఆ ఒక్కసారే. నేను దిగినవి చాలా ఉన్నాయి, అవి ఆవిడ రాసుకోవాలి.

2026 ఫిబ్రవరి 17న మళ్ళీ నిప్పు గుర్రం ఏడాది మొదలయింది, అరవై ఏళ్ళ తర్వాత. పోయినసారి, అంటే 1966లో, జపానులో ఆ ఏడాది ఆడపిల్ల పుడితే మొగుణ్ణి మింగుతుందన్న భయంతో జనం పిల్లల్నే కనలేదు. 1965లో 18 లక్షల పైచిలుకు పుడితే 1966లో పదమూడున్నర లక్షలే. ఆంటీ కోడలు కడుపుతో ఉందని తెలియగానే చుట్టాలు మొదలుపెట్టారు, ఒక్క ఏడాది ఆగాల్సింది అని. మార్చిలో ఆడపిల్ల పుట్టింది.

ఆంటీ ముసలాయన దగ్గరికి వెళ్ళనే వెళ్ళింది. పేరులో నీటి గుర్తు ఉన్న అక్షరం పెట్టించింది. నేను ఊరుకోక లూ షున్ కథ ఎత్తాను. 1921లో ఆయన రాసిన కథలో, ఐదింటిలో మన్ను తక్కువైందని తండ్రి ఒక పిల్లాడి పేరులో మన్ను చేరుస్తాడు. వాడు పెద్దయి రైతవుతాడు. పన్నులూ కరువూ సిపాయిలూ కలిసి వాణ్ణి, చిన్నప్పటి స్నేహితుడి జ్ఞాపకంలో ఉన్న మనిషి కాకుండా పోయేంతగా నలిపేస్తారు. పేరులోని మన్ను ఏం కాపాడింది? "కథ నాకు తెలుసులే. స్కూల్లో చెప్పాం" అంది ఆంటీ. "పేరుకి డబ్బులవలేదు. పిలవడానికి బాగుంది."

నెల నిండాక గోడ మీదుగా ఎర్రరంగు వేసిన కోడిగుడ్లు అందించింది. పిల్ల ఎనిమిది అక్షరాల్లో ఐదు నిప్పేనట. మరి ఏం చేస్తారని అడిగాను.

"నన్ను కోడలికి సలహాలు తగ్గించమన్నాడు. ఇంట్లో నిప్పు చాలినంత ఉందట" అని, కరివేపాకు రెమ్మ తుంచుకుని వెళ్ళింది.

గుడ్లు పట్టుకుని అక్కడే నించున్నాను. ఆ ఇంటర్వ్యూకి వచ్చినామెకి ఈ ఏడాది అరవై నిండుతాయి. తను పుట్టిన ఏడాదే తిరిగి వచ్చింది, మనమైతే షష్టిపూర్తి అంటాం. ఆమె ఫోన్ నంబరు నా దగ్గర లేదు, పేరు గుర్తుంది. పరీక్షలో ఆమె పట్టుకున్న ఆ రెండో తప్పు, మేము చూడనిది, తరవాత నేనే దిద్దాను.