అన్నప్రాశనకు కాలం ఏది?

అన్నప్రాశన షోడశ సంస్కారాల్లో ఒకటి. జాతకర్మ, నామకరణం, నిష్క్రమణం తర్వాత, పుట్టువెంట్రుకలు తీయించే చౌలానికి ముందు ఇది వస్తుంది. అంతవరకు తల్లిపాలతోనే పెరిగిన శిశువు నోట మొదటి ముద్ద పెట్టడం ఇందులో ప్రధానమైన పని. వేడుక చిన్నదే. దానికి కాలం నిర్ణయించే చోట మాత్రం పెద్ద ప్రశ్న ఉంది. శిశువుకు అన్నం తినే యోగ్యత వచ్చిందని ఎవరు చెప్పాలి? సూత్రకారులా, పంచాంగమా, ఇంటి ఆచారమా, శిశువు దేహమా? ఈ నాలుగూ ఒకే రోజును చూపితే చిక్కు లేదు. చాలా ఇళ్లలో అవి ఒకే రోజును చూపవు.

తెలుగునాట వైదిక కుటుంబాల్లో కృష్ణయజుర్వేదానికి చెందిన ఆపస్తంబ సూత్రంవారు ఎక్కువ. పుట్టిననాటి నుంచి లెక్కించి ఆరో మాసంలో బ్రాహ్మణులకు భోజనం పెట్టి, ఆశీర్వచనం పొంది, పెరుగు, తేనె, నెయ్యి, అన్నం కలిపి మంత్రపూర్వకంగా శిశువుకు తినిపించాలని ఆపస్తంబ గృహ్యసూత్రం చెబుతుంది. తిత్తిరి పిట్ట మాంసం పెట్టాలన్నది కొందరి మతమని కూడా అక్కడే ఉంది. ఆశ్వలాయనుడు, పారస్కరుడు ఆరో మాసాన్నే చెప్పారు. అయితే తల్లిదండ్రులు కోరే ఫలాన్ని బట్టి వారు పదార్థాన్ని మార్చారు. బ్రహ్మవర్చస్సు కోరేవారికి ఒకటి, తేజస్సు కోరేవారికి మరొకటి. మనుస్మృతి రెండో అధ్యాయం ఆరో మాసాన్ని విధించి, ఆ వెంటనే కులంలో ఏది మంగళకరమని తోస్తే అలా చేయవచ్చని సడలింపు ఇచ్చింది. ఈ సడలింపు గురించి పెద్దగా మాట్లాడుకోరు కానీ కాలనిర్ణయ చర్చలో దీనికి చాలా విలువ ఉంది. విధించిన చోటే వెసులుబాటు కూడా ఇచ్చిన శాస్త్రాన్ని, ఒక్క రోజు కూడా అటూ ఇటూ కాకూడదన్నట్టు చదవడం సరికాదు.

ఆరో మాసం అంటే ఐదు నెలలు నిండి ఆరో నెల నడిచే కాలం. ఆరు నెలలు నిండడం వేరు. రెంటికీ మధ్య దాదాపు నెల తేడా రావచ్చు, పసిబిడ్డ ఎదుగుదలలో నెల రోజులు చాలా ఎక్కువ. చాంద్రమాసానికి సుమారు 29.5 రోజులు కనుక, ఆ లెక్కన ఆరో మాసం 148వ రోజు ప్రాంతంలో మొదలై 177వ రోజుకు ముగుస్తుంది. తెలుగు ఇళ్లలో మగపిల్లవాడికి ఆరు నెలల ఆరు రోజులకు, ఆడపిల్లకు ఐదు నెలల ఐదు రోజులకు అన్నప్రాశన చేసే వాడుక ఉంది. సూత్రకారుల లెక్కలో చూస్తే మగపిల్లవాడి ముహూర్తం ఏడో మాసంలోకి వెళ్లిపోయింది. అంటే ఇంటి ఆచారం సూత్రం గీసిన గీతను ఎప్పుడో దాటింది. దాన్ని ఎవరూ అపచారమనుకోలేదు. ముహూర్త గ్రంథాలు మగశిశువుకు ఆరుతో మొదలుపెట్టి సరి నెలలను, ఆడశిశువుకు ఐదుతో మొదలుపెట్టి బేసి నెలలను చెబుతాయి. ఒక నెలలో కుదరకపోతే మరో నెల అందులోనే ఉంది.

ఆయుర్వేదం ఈ విషయాన్ని దేహం వైపు నుంచి చూసింది. సుశ్రుతుడు శారీరస్థానంలో ఆరో నెలలో తేలికైన, హితమైన అన్నం పెట్టమన్నాడు. సూత్రస్థానంలో ఏడాది వరకు క్షీరపులని, రెండేళ్ల వరకు క్షీరాన్నాదులని, ఆపైన అన్నాదులని పిల్లలను విభజించాడు. ఆరో నెలలో అన్నం పెట్టమన్నవాడే ఏడాది నిండేవరకు బిడ్డను పాలు తాగేవాడిగానే లెక్కించడం గమనించదగ్గది. మొదటి ముద్ద పెట్టగానే పాలు తగ్గించమని ఆయన ఉద్దేశం కాదు. కాశ్యపసంహిత ఇంకా జాగ్రత్త చూపింది. ఆరో నెలలో పండ్లరసంతో ఫలప్రాశన, పళ్లు వచ్చాక పదో నెలలో అన్నప్రాశన అని రెండు మెట్లు పెట్టింది. శాస్త్రాల్లో ఈ విషయమై ఏకాభిప్రాయం లేదని ఇక్కడ తేలుతుంది. ఇప్పటి వైద్యులు చెప్పేది మన పూర్వులు ఎప్పుడో చెప్పారనే మాట తరచు వినిపిస్తుంది. ఆ మాట అనేముందు పదో నెల చెప్పిన కాశ్యపసంహితను, తిత్తిరి మాంసం ప్రస్తావించిన ఆపస్తంబుణ్ణి, ఆడపిల్లకు ఐదో నెల చెప్పిన ముహూర్త గ్రంథాలను కలిపి చదవాలి. పూర్వులను గౌరవించడమంటే వారు చెప్పినదంతా చదవడం.

కాలం గురించి ఇన్ని మాటలు ఉన్నప్పుడు ఏది ప్రమాణం? ఈ ప్రశ్నకు మీమాంసలో మంచి ఆధారం దొరుకుతుంది. శబరస్వామి తన భాష్యంలో సంస్కారమంటే ఏమిటో చెప్పాడు. ఏది జరిగితే ఒక వస్తువు ఒక ప్రయోజనానికి యోగ్యమవుతుందో అది సంస్కారం. మరి శిశువుకు అన్నం తినే యోగ్యతను అన్నప్రాశన కలిగిస్తుందా, అప్పటికే వచ్చిన యోగ్యతను అది పవిత్రం చేస్తుందా? మెడ నిలబడడం, నాలుక ముద్దను బయటికి నెట్టకుండా లోపలికి తీసుకోవడం, పేగులు పిండిపదార్థాన్ని అరిగించుకోవడం మంత్రం వల్ల జరిగే పనులు కావు. అవి దేహం తన క్రమంలో తాను సంపాదించుకునేవి. మంత్రం చేసేది వేరే పని. తినడమనే జంతుసహజమైన క్రియను అది యజ్ఞంలో భాగం చేస్తుంది. మొదటిది లేకుండా రెండోది జరిపితే, సిద్ధం కాని దేహం మీద కర్మను మోపినట్టవుతుంది.

స్మృతుల్లో కొన్ని విధులకు కంటికి కనిపించే ప్రయోజనం ఉంటుందని శబరుడే అంటాడు. చెరువులు తవ్వించడం, చలివేంద్రాలు పెట్టడం అలాంటివి. వీటిని దృష్టార్థాలంటారు. ప్రయోజనం కనిపించని విధులు అదృష్టార్థాలు. అన్నప్రాశనలో ఈ రెండూ పెనవేసుకున్నాయి. మంత్రం, హోమం, ఆశీర్వచనం అదృష్టానికి చెందినవి. వాటిని తూచే త్రాసు వైద్యుడి దగ్గర లేదు. ఫలానా వయసులో పాలతోపాటు అన్నం కూడా పెట్టాలన్నది దృష్టార్థం. బిడ్డ బలంగా పెరగడమే దాని ప్రయోజనం. ప్రయోజనం కంటికి కనిపించే చోట, ఆ ప్రయోజనం నెరవేరుతోందా లేదా అన్నదే కొలమానం కావాలి. వైద్యపరిశీలన చెప్పే వయసును అంగీకరించడం వల్ల శాస్త్రానికి భంగం రాదు. ఆపస్తంబులు తినిపించేటప్పుడు చదివే మంత్రం కూడా ఇదే కోరుతుంది: నీళ్లూ ఓషధులూ శిశువుకు శుభం చేయాలి, రోగం తేకూడదు. రోగం రాకూడదని వేడుకునే కర్మను రోగం వచ్చేలా చేస్తే, ఆ కర్మ తన మంత్రానికే విరుద్ధమవుతుంది.

అన్నానికి ఇంత పవిత్రత ఎందుకన్నది తైత్తిరీయోపనిషత్తులో ఉంది. వరుణుడి కొడుకు భృగువు తపస్సు చేసి బ్రహ్మం అంటే ఏమిటో తెలుసుకునే క్రమంలో మొట్టమొదట కనుగొన్నది అన్నాన్నే. ప్రాణులు అన్నం వల్ల పుడతాయి, అన్నంతో బతుకుతాయి, చివరికి అన్నంలోనే లీనమవుతాయి. తర్వాత అతడు ప్రాణం, మనస్సు, విజ్ఞానం, ఆనందం దాకా వెళ్లాడు కానీ, కింది మెట్టును తోసిపుచ్చలేదు. అన్నాన్ని నిందించకూడదనే వ్రతం ఆ వల్లిలోనే ఉంది. ఛాందోగ్యంలో శ్వేతకేతువు తండ్రి మాట ప్రకారం పదిహేను రోజులు నీళ్లు మాత్రమే తాగి ఉంటే, నేర్చిన వేదం నోటికి రాలేదు. తిన్నాక అంతా గుర్తుకొచ్చింది. మనస్సు అన్నమయమని తండ్రి అతనికి అలా బోధించాడు.

ఈ దృష్టితో చూస్తే మొదటి ముద్ద చాలా పెద్ద మలుపు. అప్పటిదాకా తల్లి దేహమే బిడ్డకు ఆహారం. గర్భంలో ఆమె రక్తంతో, బయటికొచ్చాక ఆమె పాలతో పెరిగింది. మొదటి ముద్దతో బిడ్డ వానకూ, మట్టికీ, వరిచేనుకూ, దాన్ని పండించిన చేతులకూ రుణపడుతుంది. భృగువల్లి చివర జ్ఞాని తానే అన్నమనీ, తానే అన్నం తినేవాడిననీ పాడతాడు. ఆ రెండో స్థానంలోకి, అంటే అన్నాదుడి స్థానంలోకి, మనిషి అడుగుపెట్టే రోజు ఇది. ఇంత అర్థమున్న రోజు నెల ముందో పది రోజులు వెనకో జరిగితే ఆ అర్థం కొంచెం కూడా తగ్గదు.

వైద్యం వైపు కూడా లెక్క మొదటి నుంచీ ఒకేలా లేదు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పైఆహారం మొదలుపెట్టవచ్చని ఒకప్పుడు చెప్పేవారు. అధ్యయనాలను సమీక్షించి 2001లో ప్రపంచ ఆరోగ్య సభ ఆరు నెలల వరకు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలని తీర్మానించింది. మన దేశంలో 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టాన్ని 2003లో సవరించినప్పుడు, శిశు ఆహారం మొదలయ్యే వయసును నాలుగు నెలల నుంచి ఆరు నెలలకు మార్చారు. కారణాలు స్పష్టమే. తొందరపడితే తల్లిపాలు తగ్గుతాయి, శుభ్రం లేని నీళ్లూ గిన్నెల వల్ల విరేచనాలు పట్టుకుంటాయి. ఆలస్యం చేసినా హాని ఉంది. పుట్టుకతో వచ్చిన ఇనుము నిల్వలు ఆరు నెలల ప్రాంతంలో తరిగిపోతాయి. ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డకు పాలకు తోడు రోజుకు సుమారు 200 కిలోకాలరీలు పైఆహారం నుంచి రావాలి. పళ్లు రాలేదనో, మంచి ముహూర్తం లేదనో, మేనమామకు సెలవు దొరకలేదనో నెలల తరబడి వాయిదా వేసే ఇళ్లలో బిడ్డ బరువు పెరగడం నెమ్మదిస్తుంది. అలాంటి ఇంట్లో అన్నం ముందు మొదలుపెట్టి వేడుక తర్వాత చేసుకుంటే దోషమేమీ లేదు. మొదలుపెట్టడం కూడా రెండు మూడు చెంచాల మెత్తని జావతోనో, నెయ్యి వేసి మెదిపిన పప్పన్నంతోనో చేయాలి. అన్నప్రాశన నాడే ఆవకాయ వద్దని సామెత చెప్పనే చెప్పింది.

ఆడపిల్ల విషయం విడిగా చెప్పుకోవాలి. ఐదు నెలల ఐదు రోజులంటే సుమారు 157 రోజులు, వైద్యం చెప్పే 180 రోజులకు మూడు వారాలకు పైగా ముందు. ఆడపిల్ల పేగులు మగపిల్లవాడి పేగుల కంటే ముందు పరిపక్వమవుతాయనడానికి ఆధారం లేదు. సరి, బేసి సంఖ్యల భేదం జ్యోతిషానిది, దేహానిది కాదు. ఆశ్వలాయనుడు ఆడపిల్లకు ఈ కర్మను మంత్రం లేకుండా చేయమన్నాడు. మంత్రం దక్కని చోట తొందర మాత్రం ఆమెకే దక్కడం అన్యాయం. బేసి నెల పాటించాలనుకునేవారికి ఏడో నెల ఉంది. ఆరు నిండాక నడిచే ఆ నెలలో ముహూర్తం పెట్టుకుంటే పంచాంగమూ వైద్యమూ రెండూ ఒప్పుకుంటాయి.

తేనె చిక్కు ఇంకా గట్టిది. తేనెలో క్లాస్ట్రిడియం బాట్యులినం అనే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. ఏడాది లోపు పిల్లల పేగుల్లో అవి మొలకెత్తి కండరాలను చచ్చుపడేలా చేసే విషాన్ని పుట్టిస్తాయి. ఇంట్లో వేడిచేసినంత మాత్రాన అవి నశించవు. అందుకే ఏడాది నిండేవరకు చుక్క తేనె కూడా నాకించవద్దంటారు. సూత్రం మాత్రం తేనె కలపమంది. విహితమైన ద్రవ్యం దొరకనప్పుడు దానికి దగ్గరగా ఉన్న మరో ద్రవ్యాన్ని వాడే ప్రతినిధి న్యాయం మీమాంసలో ఉంది. వరి లేనప్పుడు నీవార ధాన్యం వాడడం దానికి ప్రసిద్ధ ఉదాహరణ. ఆ న్యాయం లభ్యం కాని ద్రవ్యం గురించి చెప్పింది, హాని చేసే ద్రవ్యం గురించి కాదు. ఆ తేడాను దాచనక్కర్లేదు. అయినా తిత్తిరి మాంసం ఆచరణలోంచి పోయి ఎంతో కాలమైంది. దానివల్ల అన్నప్రాశన చెడలేదు. తేనెను కూడా అలాగే విడిచిపెట్టి, నెయ్యీ పెరుగూ అన్నంతో సంస్కారం పూర్తిచేయడమే సరైన మార్గం.

ఇతర మతాల్లో ఈ ఆలోచన మరో చోట మొదలవుతుంది. ఖురాన్ రెండో అధ్యాయం పాలు పట్టే కాలాన్ని పూర్తిచేయదలచిన వారికి రెండేళ్లుగా పేర్కొని, తల్లిదండ్రులు పరస్పర సమ్మతితో, సంప్రదింపులతో అంతకు ముందే మాన్పించినా తప్పు లేదంటుంది. బైబిలు ఆదికాండంలో ఇస్సాకు పాలు విడిచిన రోజున అబ్రాహాము విందు చేశాడు. అక్కడ పండుగ పాలు విడవడానికి, ఇక్కడ అన్నం మొదలవడానికి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ సంగతిలో ఏ గ్రంథం లెక్కా నేరుగా పనిచేయదు. ఎనిమిదో నెలలో పుట్టిన శిశువుకు పుట్టినతేదీ నుంచి ఆరు నెలలు నిండినా, మెడ నిలబడకపోవచ్చు, ఆసరాతో కూర్చోలేకపోవచ్చు. అక్కడ వైద్యుడు చూసి చెప్పిన వయసే ముహూర్తానికి ఆధారం కావాలి. పురోహితుడికి ఆ మాట ముందే చెబితే రాబోయే నెలల్లో మంచి రోజు చూసి పెడతాడు. కాలాన్ని సవరించే వెసులుబాటు మనుస్మృతిలోనూ ఉంది, ముహూర్త గ్రంథాల్లోనూ ఉంది.

తెలుగు రాష్ట్రాల్లో అన్నప్రాశన ఇప్పుడు బాసర, అన్నవరం వంటి క్షేత్రాల్లోనూ, ఇళ్లలోనూ, అంగన్‌వాడీ కేంద్రాల్లోనూ జరుగుతోంది. 2018లో మొదలైన పోషణ్ అభియాన్ కింద కేంద్రాల్లో జరిపే సామూహిక కార్యక్రమాల్లో ఇదొకటి. అక్కడ కులం అడగరు, సరి బేసి చూడరు. ఆరు నెలలు నిండిన బిడ్డ ఆడపిల్లయినా మగపిల్లవాడయినా అదే వయసులో మొదటి ముద్ద తింటుంది, ఏడో నెల నుంచి మూడేళ్లు వచ్చేవరకు బాలామృతం అందుకుంటుంది.