నిదానం ఎవరి ఖర్చు?

దీపావళి వెళ్లిన వారం నుంచి కోసిగిలో సాయంత్రం పూట లారీలు నిండుతుంటాయి. ముందు బియ్యం మూటలు, దుప్పట్లు, సత్తు గిన్నెలు, పరదాలు ఎక్కుతాయి. వాటి మీద మనుషులు ఎక్కుతారు. గుంటూరు వైపు పత్తి ఏరడానికి, ఆ తర్వాత మిరపకాయలు కోయడానికి. మా వైపు దీన్ని సుగ్గికి పోవడం అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంట ఇంటికొచ్చే కాలం, ఒక పండగ కూడా. ఆ మాట మా ఊరికి వచ్చేసరికి ఇల్లు వదిలి పోవడం అయింది.

రెండేళ్ల కిందట అలాంటి ఒక సాయంత్రం మా వీధిలో ఉండే ఒకక్క లారీ పక్కన నిలబడి ఉంది. పిల్లాడు అప్పటికే మూటల మీద కూర్చున్నాడు. కూతురు ఇక్కడే హాస్టల్లో ఉండి చదువుకోవాలి కాబట్టి కింద, లారీ చక్రం దగ్గర నిలబడింది.

"అక్కా, ఒక ఫోటో తీసుకుంటా."

"తీసుకో నాయనా."

నేను లెన్స్ రింగ్ తిప్పడం మొదలుపెట్టాను. ఆమె కన్ను స్పష్టంగా వచ్చేలోపు ఆమె కొంచెం కదిలింది. మళ్లీ తిప్పాను. డ్రైవరు హారన్ కొట్టాడు. పైనుంచి ఎవరో ఆమెని పిలిచారు. ఆమె కదలకుండా నిలబడే, పెదాలు మాత్రం కదుపుతూ అంది: "ఎంతసేపప్పా, బిన్నె కానీ. అందరూ నాకోసరం సూస్తాండారు."

ఫోటో బాగానే వచ్చింది. నన్ను వదలనిది ఆ మాట.

నా చేతిలో ఉన్నది జూపిటర్-8 అనే సోవియట్ లెన్స్. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో రేంజ్‌ఫైండర్ కెమెరాల కోసం చేసినది. కోఠీ గుజరాతీ గల్లీలో ఒక కొట్లో దొరికింది. దాన్ని నా చిన్న సోనీ డిజిటల్ కెమెరాకి తగిలించుకున్నాను. ఇది ఎలా కుదిరిందంటే, రేంజ్‌ఫైండర్ కెమెరాల లోపల అద్దం ఉండదు, అందుకని లెన్స్ ఫిల్ముకి చాలా దగ్గరగా, 28.8 మిల్లీమీటర్ల దూరంలో కూర్చునేది. ఎస్సెల్లార్ కెమెరాల్లో అద్దం ఊగడానికి జాగా కావాలి కాబట్టి అక్కడ ఈ లెన్స్ పనికిరాదు. 2008 తర్వాత అద్దం లేని చిన్న డిజిటల్ కెమెరాలు వచ్చాయి. నా సోనీలో ఆ దూరం 18 మిల్లీమీటర్లే. మిగిలిన పదకొండు మిల్లీమీటర్ల లోపు సందుని ఒక ఇనుప రింగు పూడుస్తుంది. అంతే, యాభై అరవై ఏళ్ల నాటి గాజు మళ్లీ పనిలోకి వస్తుంది.

లెన్స్ వెనక చిన్న లోహపు గొట్టం ఒకటి ముందుకీ వెనక్కీ జరుగుతుంటుంది. ఎదుటి మనిషి ఎంత దూరంలో ఉన్నాడో పాత కెమెరాకి చెప్పడం దాని పని. కొత్త కెమెరాకి ఆ భాష రాదు. దూరం నేనే చూసుకోవాలి: తెర మీద బొమ్మ పెద్దది చేసుకుని, కళ్లు చికిలించుకుని, రింగు తిప్పుకుంటూ. మీటరు కన్నా దగ్గరికి పోతే ఫోకస్ కాదు. జూమ్ లేదు. దగ్గరగా కావాలంటే నడవాలి.

ఇలాంటి లెన్సులు వాడే మా అందరికీ నోటికొచ్చిన ఒక సమర్థన ఉంది. ఆటోఫోకస్ కెమెరా లాక్కుంటుంది, చేతి లెన్స్ అడుగుతుంది. అది మనల్ని నిదానం చేస్తుంది, నిదానం మనిషిని గౌరవించడం నేర్పుతుంది. నేనూ చాలాచోట్ల ఇదే చెప్పాను. ఆ సాయంత్రం తర్వాత చెప్పలేకపోతున్నాను. నిదానం నాది, సరే. దాని ఖర్చు ఎవరిది? నాకు అప్పుడు సెలవు. ఆమె కోసం నలభై మంది లారీ మీద ఎదురుచూస్తున్నారు.

ఇంకో సంగతి. ఈ లెన్సులు పుట్టినప్పుడు నిదానం కోసం పుట్టలేదు. వేగం కోసం, కంటపడకుండా ఉండటం కోసం పుట్టాయి. 1925లో లైకా అమ్మకానికి వచ్చినప్పుడు దాని గొప్ప జేబులో పట్టడం. కార్తియే-బ్రెసాఁ తన లైకా మెరుపు కనిపించకుండా నల్ల టేపు అంటించుకునేవాడు. దూరం ముందే సెట్ చేసుకుని, కంటి దగ్గరికి తెచ్చీ తేకముందే నొక్కడం ఆ తరం విద్య. నేనూ ఆ విద్య చేయగలను. అపెర్చర్ ఎఫ్8కి మూసి, రింగుని మూడు మీటర్ల దగ్గర పెట్టుకుంటే సంతలో ఎవరికీ తెలియకుండా రోజంతా తీయొచ్చు. అదే గాజు, అదే రింగు. అప్పుడది ఎవర్నీ ఏమీ అడగదు. కాబట్టి గౌరవం లెన్స్‌లో లేదు. మనకిష్టమైన వస్తువుకి మనకిష్టమైన సుగుణం అంటగట్టుకున్నాం.

నిదానానికీ దయకీ సంబంధం లేదని చెప్పే చరిత్ర మా నేలకి దగ్గరగానే ఉంది. 1876-78 నాటి కరువు, మనవాళ్ల ధాత కరువు, మద్రాసు ప్రెసిడెన్సీని తినేసింది. కర్నూలు, బళ్లారి జిల్లాలు బాగా దెబ్బతిన్నవాటిలో ఉన్నాయి. ఆదోని అప్పుడు బళ్లారి జిల్లాలోదే. ఆ కరువు ఫోటోలు మనం చూసినవి చాలావరకు విల్లబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి తీసినవి. ఎముకల గూళ్లలాంటి మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి తీశాడు. అప్పటి కెమెరాకి పెట్టె, కాళ్లు, గాజు పలకలు కావాలి, ఎదుటివాళ్లు కదలకుండా ఉండాలి. అంతకన్నా నిదానమైన ఫోటోగ్రఫీ ఉండదు. కూర్చోవడానికి కూడా శక్తి లేనివాళ్లు ఆ నిదానాన్ని భరించారు. 1886లో మాండలేలో మరణశిక్షలు అమలు చేసేటప్పుడు ఇదే హూపర్, ఫోటో కుదిరేదాకా తుపాకులు పేలే ఆజ్ఞని ఆపించాడని ఆరోపణ వచ్చి, విచారణ జరిగింది.

నన్ను హూపర్ పక్కన నిలబెట్టుకోవడం అతి అని నాకు తెలుసు. ఆ అక్క "తీసుకో" అంది. ఆమెకి నేను తెలుసు, వద్దనగలదు కూడా. కానీ "తీసుకో" అన్నప్పుడు ఆమె లెక్క ఫోన్ లెక్క, ఒక్క క్షణం. నేను తీసుకున్నది రెండు నిమిషాలు. ఒక ధర చెప్పి ఇంకో ధర వసూలు చేశాను.

అయితే ఆటోఫోకస్‌కి మారిపోవడమే జవాబా? అదీ కాదనిపిస్తుంది. ఆమెకి తెలియకుండా పదో వంతు సెకనులో తీసి ఉంటే ఆమెకి సమయం మిగిలేది. కానీ "ఎంతసేపప్పా" అనే అవకాశం పోయేది. ఆ మాట అనగలగడం కూడా ఆమె హక్కే. నిదానంలో ఏమైనా మంచి ఉంటే అది ఇదొక్కటే: ఎదుటివాళ్లకి అడ్డుచెప్పే వ్యవధి దొరుకుతుంది. దాన్ని మనం వినాలి, అంతవరకే.

ఆ రోజు ఫోటో అయ్యాక ఆమె తన ఫోన్ నాకిచ్చింది. "ఇద్దరు పిల్లోళ్లనీ ఒకదాంట్లో తీసియ్యి. ఆడ సూసుకుంటా." పిల్లాణ్ణి కిందికి దింపి అక్క పక్కన నిలబెట్టాం. ఒక్క క్షణం పట్టింది. ఆ నాలుగైదు నెలలు ఆమెకి పనికొచ్చిన ఫోటో అది.

నేను తీసిన ఫోటోని ప్రింటు వేయించి ఉగాదికి తీసుకెళ్లాను. పెద్ద సైజు, మంచి కాగితం. ఎఫ్2 దగ్గర తీసింది కాబట్టి ఆమె ముఖం మాత్రం స్పష్టంగా, వెనకదంతా మెత్తగా కరిగిపోయి ఉంటుంది. ఆ కరగడం కోసమే ఈ లెన్స్ కొనుక్కుంటారు. నా స్నేహితులు మెచ్చుకున్నదీ దాన్నే. ఆమె కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని కాసేపు చూసింది. తన ముఖం మీద ఆమె చూపు ఆగలేదు. ఆమె వేలు భుజం వెనక మసక మీదికి పోయింది.

"ఈడ పిల్లోళ్లు ఉండిరి కదప్పా. ఏరీ?"

ఉన్నారు. మూటల మీద ఒక గోధుమరంగు మచ్చ వాడు, చక్రం దగ్గర నీలం మచ్చ ఆ పాప. నెలల తరబడి విడిపోబోతున్న ముగ్గురు ఒకే ఫ్రేములో ఉన్న క్షణం అది. అందులో ఇద్దర్ని నేను అందం కోసం చెరిపేశాను. అపెర్చర్ రింగుని మూసేవైపు తిప్పి ఉంటే వెనకున్న వాళ్లు కూడా ఇంకాస్త స్పష్టంగా వచ్చేవాళ్లు. ఆ రింగుకి టిక్కుమనే శబ్దం కూడా ఉండదు. అది తిప్పాలని నాకు తోచలేదు. రెండు నిమిషాల నిదానంలో ఆమె కన్నొక్కటే చూశాను. ఆమె ఎవర్ని చూస్తోందో చూడలేదు.

"పర్వాలేదులే," అని ప్రింటు గూట్లో పెట్టింది. తర్వాత ఎప్పుడూ దాని ఊసు ఎత్తలేదు.

ఆ లెన్స్ ఇప్పటికీ వాడుతున్నాను. ఒక మార్పు చేసుకున్నాను. రింగు మీద చెయ్యి వేయకముందే రెండు మాటలు అడుగుతాను. కొంచెం సేపు పడుతుంది, ఉండగలరా? ఇందులో ఎవరెవరు కనపడాలి? మొదటిదానికి చాలామంది లేదనే అంటారు, నేను కెమెరా సంచిలో పెట్టేస్తాను. రెండోదానికి ఇంతవరకు తన ఒక్కరి పేరు చెప్పినవాళ్లు తక్కువ.