కాదనే వీలున్న చోట

మన నమ్మకాన్ని నలుగురికీ చెప్పాలనిపించడం తప్పేమీ కాదు. ఏ డాక్టరు హస్తవాసి మంచిదో, ఏ కొట్లో కందిపప్పు బాగుంటుందో అడక్కపోయినా చెప్పే మనం, బతుక్కి ఆసరా అనుకున్న దేవుడి సంగతి చెప్పకుండా నోరు కట్టుకోగలమా? క్రైస్తవులకైతే అది విధి కూడాను. రాజ్యాంగంలో 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కునిచ్చింది. అందులో ఎదుటి మనిషిని మతం మార్చే హక్కు మాత్రం లేదని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం పని అక్కడికి సరి. చిక్కంతా వీధి గుమ్మం దగ్గరే! వద్దన్నా చెబుతూ పోవడం ఎంతవరకు పట్టుదల, ఎక్కణ్ణించి పీడ?

పట్టుదల అంటే ఒంగోలు గుర్తొస్తుంది నాకు. అమెరికన్ బాప్టిస్టులు తెలుగుదేశంలో పని మొదలుపెట్టింది 1836లో. ఏళ్ళు గడిచినా చేరినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఇంత ఖర్చూ దండగేనని, మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు ఒకటికి రెండుసార్లు తర్జనభర్జన పడ్డారు. లైమన్ జ్యూవెట్ అనే ఆయన మాత్రం ససేమిరా అన్నాడు. మీరు పంపకపోయినా నేను వెళ్తానన్నాడు. 1854 జనవరి ఒకటిన ఆయనా, భార్యా, నెల్లూరి తెలుగు విశ్వాసులు ముగ్గురూ ఒంగోలు కొండెక్కి, ఈ వూరికి ఒక మనిషిని పంపమని ప్రార్థన చేశారు. ఆ మనిషి, జాన్ క్లౌ, 1866కి గాని రాలేదు. పన్నెండేళ్ళు! మనం పోస్టులో ఉత్తరం రెండ్రోజులు ఆలస్యమైతేనే గొణుక్కుంటాం.

క్లౌ వచ్చాక కూడా పల్లెపల్లెకీ కాలినడకన తిరిగి చెప్పింది ఎక్కువగా తెలుగువాళ్ళే. తోళ్ళ వ్యాపారం చేసుకునే ఎర్రగుంట్ల పేరయ్య వాళ్ళలో ముందువాడు. మాదిగలు చేరితే మేం రామని పెద్ద కులాలవాళ్ళు చెప్పేశారు. క్లౌ మాదిగలను వదులుకోలేదు.

అయితే నేను చెప్పదలుచుకున్నది ఇదీ కాదు. 1876లో కరువొచ్చింది. మూడేళ్ళు జనం పిట్టల్లా రాలిపోయారు. క్లౌకి సర్వే పని తెలుసు. బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలీ ఇప్పించాడు. మట్టి మోస్తున్నవాళ్ళు బోధకుల మాటలు విన్నారు. మమ్మల్నీ చేర్చుకోమన్నారు. నలభై ఏళ్ళుగా ఆ మిషన్ కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసింది ఆ మాట కోసమే గదా? అయినా క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. కూలీ, సాయం నడుస్తున్నన్నాళ్ళూ, ఏడాదికి పైగా, ఎవరికీ ఇవ్వలేదు. తిండి కోసం మతం పుచ్చుకున్నారనే మాట రాకూడదని, అలా పుచ్చుకునే పరిస్థితే రాకూడదని. సాయం ముగిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

అంతమందిలోనూ అన్నం పెట్టిన చెయ్యి మీది కృతజ్ఞత బొత్తిగా లేదంటారా అని ఎవరైనా అడగొచ్చు. ఉండే ఉంటుంది. అంటరానివాళ్ళని పొమ్మన్న వూళ్ళో తమను మనుషులుగా చూసినవాళ్ళ దేవుడు దగ్గరవాడనిపించడమూ ఉంటుంది. అదేమీ తక్కువ కారణం కాదు. రెండు వేల మనసుల్లోకి తొంగిచూడడం నా తరమా? నన్ను ఆకట్టుకునేది ఆ 2,222 కాదు. దానికి ముందు, అడిగినా ఇవ్వకుండా గడిపిన ఆ నెలలు. వద్దన్నవాళ్ళకు ఓపిగ్గా చెప్పడం ఒక ఎత్తు, కావాలన్నవాళ్ళని ఆగమనడం ఇంకో ఎత్తు.

మన ఇళ్ళల్లో ఆ కాలవ లేదనుకోకండి. పక్కింటావిడ మనతో సమానం. కరపత్రం ఇస్తే, "మాకొద్దండీ" అని నవ్వేసి తలుపేసుకుంటుంది. ఆవిడతో పదేళ్ళు చెప్పినా నష్టం లేదు. క్రిస్మస్‌కి కేకు పుచ్చుకుని, సంక్రాంతికి అరిసెలు పంపి, బైబిలు మాత్రం తెరవనే తెరవదు. స్నేహం స్నేహంగానే ఉంటుంది. కాని అంట్లు తోమే అమ్మాయి సంగతో? "ఆదివారం మా ప్రార్థనకి రావే" అంటే ఏమని కాదంటుంది పాపం? ఒకటో తారీకున జీతం ఇచ్చే చేతుల్నే చూస్తుంది. ఏ మాటకామాటే, "మా వ్రతానికి వచ్చి కూచోవే" అనే అమ్మగార్లూ ఇందుకు తీసిపోరు. ఆస్పత్రి మంచం పక్కన నిలబడి చెప్పేవాళ్ళదీ ఇదే వరస. ఆ మంచం మీది మనిషి లేచి వెళ్ళిపోలేడు.

క్రైస్తవురాలైన ఇల్లాలు ఆ అమ్మాయికి తన దేవుడి గురించి అసలు చెప్పకూడదా? చెప్పొచ్చు. ముందు ఆ పిల్లకి రావలసిన జీతం, సెలవులు, అప్పు సంగతీ తేల్చేసి, వచ్చినా రాకపోయినా అందులో పైసా తేడా ఉండదని ఆ పిల్లే నమ్మాక చెప్పాలి. అలా నమ్మడానికి ఎన్నాళ్ళు పడుతుందో! ఏడాది పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు.