అర్థం తెలిసినంక ఆడొచ్చునా?

“పాట అర్థం తెలిసినంక గూడ దానికి ఆడొచ్చునా మామా?”

అడిగింది మా మేనకోడలు. డిగ్రీ చదువుకుంటూ సాయంత్రాలు హుజూరాబాద్‌లో చిన్నపిల్లలకు డాన్సు నేర్పుతుంది. ఒక బడి వార్షికోత్సవానికి రెండో తరగతి పిల్లల చేత ‘మకరేనా’ ఆడిస్తున్నది. లోస్ దెల్ రియో అనే స్పెయిన్ జంట 1993లో పాడిన పాట అది. 1996లో దాని రీమిక్సు అమెరికాలో 14 వారాల పాటు మొదటి స్థానంలో నిలిచింది. చేతులు చాపడం, అరచేతులు తిప్పడం, భుజాలు, తల, నడుము పట్టుకోవడం: ఒక్కసారి చూస్తే చాలు, ఆ వరుస పిల్లలకు పట్టుబడుతుంది. ఆమె ఆ పాటకు అర్థం ఫోన్లో వెతికింది. ప్రియుడు సైన్యంలో చేరే వేళ మకరేనా అనే పడుచు ఇద్దరు స్నేహితులతో కులకడమే అందులోని కథ.

“తెల్వకముందు ఆడిపిచ్చినవు గద. మరి ఇప్పుడు మారింది పాటనా, నువ్వా?” అన్నాను.

“నేనే మారిన. కని పిల్లలు మారలే. వాళ్లకు ఇప్పటికి గూడ ఒక్క ముక్క తెల్వది. నేను తెలుసుకున్నందుకు వాళ్ల ఆట ఆపుడు న్యాయమేనా?”

నేను బడిలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ని. మాటకే మొదటి పీట వేసి బతికినవాణ్ని. కానీ ఈ ప్రశ్నకు మాట వైపు నుంచి మొదలుపెడితే న్యాయం జరగదనిపించింది. పాట ముందు చెవికి తగులుతుంది. తొమ్మిదో శతాబ్దంలో కశ్మీరంలో ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’ రాస్తూ, అర్థం చెప్పే శక్తి లేని సంగీతనాదం కూడా రసాన్ని తోపిస్తుందని వాదించాడు. అలంకారశాస్త్రంలో అంతటి పెద్దవాడే ఒప్పుకున్నాడు కాబట్టి, మాట తెలియకుండా పొంగిన సంతోషాన్ని నేను దొంగ సంతోషం అనలేను. అదే ఆమెకు చెప్పాను.

“అంటే రాగం నాది, మాట నాది గాదు అంటే సరిపోతదా?”

“చెవి వరకు సరిపోతది బిడ్డా. ఇన్నోనికి పాపం అంటదు.”

“1996లో చికాగోల డెమొక్రాటిక్ పార్టీ మహాసభల ప్రతినిధులు గూడ లేసి ఈ పాటకే చేతులు తిప్పిన్లట. దేశానికి అధ్యక్షుణ్ని నిలబెట్టే సభ! వాళ్లకే పట్టింపు లేనప్పుడు హుజూరాబాద్‌ల మనకెందుకు? ఈడ స్పానిష్ ఎవ్వరికి వస్తది?”

“వంగర ఎంత దూరం? పీవీ నరసింహారావు గారు ఆ ఊరోడే. ఆయన స్పానిష్ నేర్చుకున్నడు. ‘వేయిపడగలు’ నవలను హిందీలకు తర్జుమా చేసిన మనిషి. ఎవ్వరికీ తెల్వదనే ధైర్యం మీద నడిచే పని ఏదైనా సరే, అది మంచి పనైతే ఆ ధైర్యం ఎందుకు కావాలె?”

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అంది: “ఇప్పుడు ఫోన్ల అందరికీ తెలుస్తది. ‘డెస్పసీతో’ సంగతి గట్లనే అయింది.”

నిజమే. పోర్టోరికో గాయకుడు లూయిస్ ఫోన్సీ 2017 జనవరిలో విడుదల చేసిన ఆ పాట కొన్ని నెలల్లోనే ప్రపంచమంతా తిరిగింది. అదే ఏడాది జూలైలో మలేషియా ప్రభుత్వ రేడియో, టీవీలు దాన్ని ఆపేశాయి. సాహిత్యం బాగాలేదని జనం ఫిర్యాదు చేశారు. స్పానిష్ రాని దేశంలో స్పానిష్ పాట మీద అభ్యంతరం వచ్చిందంటే, భాష ఇక తలుపు వేసి ఉంచలేదని అర్థం.

అయితే ఈ కథలో మనం ఎప్పుడూ వినేవాళ్ల వైపే లేము. మన తెలుగు కూడా ఒకప్పుడు ఇలాగే పరాయివాళ్ల చెవుల్లో పాటై తిరిగింది. నాకు ఇష్టమైన చోటు ఇదే కనుక ఆమెకు వివరంగా చెప్పాను. పదిహేడో శతాబ్దపు క్షేత్రయ్య పదాలను మూడు వందల ఏళ్లు కాపాడింది ఎక్కువగా తమిళదేశం. మధుర, తంజావూరు నాయక రాజుల కొలువుల నుంచి దేవదాసీల గొంతుల్లోకి, అక్కడి నుంచి చెన్నపట్నానికి చేరాయి. జార్జ్‌టౌన్‌లో వీణ ధనమ్మాళ్ ఇంట్లో శుక్రవారం సాయంత్రాలు జరిగే కచేరీకి పెద్ద పెద్ద విద్వాంసులు వచ్చి కూర్చునేవారు. ఆమె మనవరాళ్లు బృంద, ముక్త, బాలసరస్వతి ఆ పదాలను ఇరవయ్యో శతాబ్దం దాకా మోసుకొచ్చారు. వాటిలో విటుణ్ని డబ్బు అడిగే వేశ్య ఉంది, మొగుడు ఊళ్లో లేని వేళ ప్రియుణ్ని పిలిచే ఇల్లాలు ఉంది. ఆ సభల్లో తెలుగు రానివాళ్లు ఎందరో. వాళ్లు రాగం విన్నారు, నిదానంగా సాగే ఆ నడక విన్నారు, తల ఊపారు.

“అంటే తెల్వక బతికిపోయినయా ఆ పదాలు?”

“కొంతవరకు అంతే. అదే కాలంల తెలుగుల ఏమైందో చూడు.”

తంజావూరు ప్రతాపసింహుని కొలువులోని ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ కావ్యాన్ని గాయని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో మళ్లీ అచ్చు వేయించింది. అంతకుముందే వీరేశలింగం పంతులు ఆ కవయిత్రిని ఏవగించుకుంటూ రాశారు. 1911లో ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. నిషేధం 1947లో గానీ తొలగలేదు. తెలుగు చదవగలిగినవాళ్ల చేతికి వచ్చిన శృంగారం నేరమైంది. తెలుగు తెలియని సభలో పాడిన శృంగారం శాస్త్రీయ సంగీతమైంది. పరాయి భాష తెర అయితే లోపల ఏమున్నా గౌరవం దక్కుతుంది. ఆ గౌరవం నాకు అక్కర్లేదు. క్షేత్రయ్యకు కూడా అక్కర్లేదని నా నమ్మకం.

అందుకే నాకు బాలసరస్వతి అంటే ఎనలేని మర్యాద. ఆమెకు ప్రతి మాటా తెలుసు. పదాల్లోని శృంగారాన్ని తగ్గించి భక్తిగా చూపాలన్న పెద్దమనుషుల ఒత్తిడికి లొంగలేదు. 1975లో మద్రాసులో తమిళ ఇసై సంఘం మహాసభకు అధ్యక్షత వహిస్తూ, నాట్యంలో శృంగారమే ఉన్నతమని నిలబడి చెప్పింది. అది తమిళ పాటకు, వినేవాళ్లకు అర్థమయ్యే పాటకు పీట వేయాలని 1943లో పుట్టిన సంఘం. అర్థం తెలిస్తే ఆనందం చచ్చిపోతుందనే భయానికి ఆమె నాట్యమే జవాబు.

ఇక్కడే మా మేనకోడలు నన్ను పట్టుకుంది. “మరి క్షేత్రయ్య నాయికకు ఒప్పుకున్నోనివి, మకరేనా పిల్లకు అడ్డం చెప్తవా? ఆమె గూడ తన ఇష్టంతోనే పోయింది గద.”

“చెప్పను. ఆ పాటల ఎవ్వరినీ చులకన చేసింది లేదు. కోరిక ఉన్నది. కోరిక మాటలకు నేను భయపడను. పసిపిల్లల నోటికి అవి తగవు, అంతే.”

“మరి దేనికి భయపడతవు?”

“చులకనకు. ‘బ్లర్డ్ లైన్స్’ పాట ఇన్నవా?”

విన్నది. 2013లో వచ్చిన ఆ ఇంగ్లీషు పాటలో, ఆడపిల్ల వద్దంటున్నా లోపల ఇష్టమేనని మగవాడు తేల్చుకునే ధోరణి ఉందని పెద్ద గొడవ అయింది. ఎడిన్‌బరా విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘం తన భవనాల్లో దాన్ని వేయొద్దని తీర్మానించింది. దాని రచయితల్లో ఒకరైన ఫారెల్ విలియమ్స్ 2019లో, తన పాత పాటల్లో కొన్ని ఇప్పుడైతే రాయనని, సిగ్గుపడుతున్నానని ఒప్పుకున్నాడు. దాని తాళం మాత్రం కాలును ఊరుకోనివ్వదు. కామం, చులకన రెండూ ‘అసభ్యం’ అనే ఒకే గంపలో పడడం మన విమర్శలోని పెద్ద లోపం. మొదటిది ఇద్దరు మనుషుల మధ్య జరిగే సంగతి. రెండోదాంట్లో అవతల మనిషే లేదు.

“మన దగ్గర బూతు పాటలు లేవా మామా? కాముడు కాలే రాత్రి మొగపిల్లలు ఏం పాడుతరో నాకు తెల్వదా?”

“ఉన్నయి. పెండ్లిల వియ్యపురాలిని తిట్టే పాటలు మీ అమ్మమ్మకు లెక్కలేనన్ని వచ్చు. కని ఆ తిట్టు తినే వియ్యపురాలికి ప్రతి మాటా అర్థమైతది. ఆమె లేసి అంతకు రెండింతలు పాడుతది. ఎదుటి మనిషికి జవాబు చెప్పే దారి ఉన్నది. బరాత్‌ల ఉన్నదా?”

ఈ చివరి మాట నా గుండెలోంచి వచ్చింది. జమ్మికుంట దారి వెంట పెండ్లిళ్ల కాలంలో డీజే బండ్లు పోతుంటాయి. ‘బుల్లెట్టు బండి’ పాట వేస్తే అవ్వలు కూడా అడుగు కలుపుతారు, అర్థమవుతుంది కాబట్టి. మధ్యలో హఠాత్తుగా ఏ పంజాబీ ర్యాపో, ఇంగ్లీషు ర్యాపో వస్తుంది. దాంట్లో ఆడవాళ్లను ఏమంటున్నారో వేయించిన పిల్లగాళ్లలో కొందరికి బాగా తెలుసు. పక్కన నిలబడ్డ మేనత్తలకు, పెద్దమ్మలకు తెలియదని కూడా తెలుసు. వాళ్లు ఆడే ఆటలో సగం రుచి అక్కడే ఉంది. తెలియక ఆడేవాడు వేరు, పక్కవాళ్లకు తెలియదని ఆడేవాడు వేరు. మొదటివాడిది అమాయకత్వం. రెండోవాడు సొంత ఇంటి ఆడవాళ్లనే వాళ్ల ముందే తిట్టి, వాళ్ల చేత చప్పట్లు కొట్టించుకుంటున్నాడు. నాకు ఇంతకు మించిన అసభ్యం కనపడదు.

“ఒక్కొక్కసారి మాట మంచిగనే ఉంటది, మిగిలిందే చెడ్డగ ఉంటది గద మామా. ‘జమాల్ కుడు’ చూడు.”

మంచి ఉదాహరణ తెచ్చింది. 2023లో వచ్చిన ‘యానిమల్’ సినిమాలో వాడిన ఆ పాట ఇరాన్‌ది, పాతది, ప్రియుణ్ని బతిమాలే పాట. మాటల్లో వంక పెట్టేది ఏమీ లేదు. కానీ మన పక్క వరంగల్‌లో పుట్టిన సందీప్ రెడ్డి వంగా దాన్ని ప్రతినాయకుని మూడో పెండ్లికి వాడాడు. కాసేపట్లోనే ఆ పెండ్లి నెత్తుటితో తడుస్తుంది. ఆ తర్వాత మన పెండ్లిళ్లలో కుర్రాళ్లు తల మీద గ్లాసు పెట్టుకుని ఆడింది ఆ ఇరాన్ పాటనా, ఆ క్రూరుని ఠీవినా? నిఘంటువు చూసి పాటకు సర్టిఫికెట్ ఇవ్వలేం.

“డాన్సు నేర్పేటోళ్లకు మాటకంటె ఒళ్లే ముందు మామా. 2025 మార్చిల మన రాష్ట్ర మహిళా కమిషన్ సినిమా పాటల మీద హెచ్చరిక ఇచ్చింది చూడు, అది స్టెప్పుల గురించే. స్టెప్పుకు భాష లేదు. ఏ ఊరోనికైనా అర్థమైతది. పిల్లలు మాట మర్చిపోతరు, ఒంటికి నేర్పింది మర్చిపోరు. నేను చూసుకోవాల్సింది ముందుగల అది.”

ఈ మాట నాకు తట్టలేదు. మాట, రాగం అని రెండే పక్షాలు పెట్టుకుని వాదిస్తున్నాను. ఆమె మూడోది చూపింది. పాట నోటికి, చెవికే కాదు, నడుముకు, చూపుకు కూడా పాఠం చెబుతుంది. ఆ పాఠానికి తర్జుమా అక్కర్లేదు.

“అయితే ఏం జేస్తవు?”

“మకరేనా ఉంచుత. ఆఖర్ల నడుము తిప్పుడు తీసేసి గిర్రున తిరుగుడు పెడత. పాడుకుంట ఆడమని చెప్పను, సంగీతం వరకే వేయిస్త. మొన్న మా అన్న పెండ్లి బరాత్‌కు ఇచ్చిన లిస్టుల ఇంగ్లీషు ర్యాపు ఒకటున్నది, దాన్ని కొట్టేస్త. అది మాత్రం నేను తెలిసే పెట్టిన.”

“పిల్లల తల్లిదండ్రులకు చెప్తవా, ఈ పాట కథ ఇదీ అని?”

“అడిగితే చెప్త.”

“అడగరు. వాళ్లకు తెల్వదు గద.”

ఆమె నా వైపు చూసింది. బరాత్ కుర్రాళ్ల గురించి నేను అన్నది ఆమెకు గుర్తొచ్చిందని తెలుస్తూనే ఉంది.

“అయితే శనివారం మీటింగ్ ఉన్నది,” అంది. “నేనే చెప్త. స్పానిష్ పాట, కథ ఇట్లుంటది, మాటలు తీసేసి సంగీతానికే ఆడిపిస్తున్న, మీకు సమ్మతమేనా అని అడుగుత. వద్దంటే ఇంకో పాటకు నేర్పుడు ఎంతసేపు?”

“ఎవరన్న కోపానికి వస్తే?”

“రానీ మామా. వాళ్ల పిల్లలు గద, కోపానికి వచ్చే హక్కు వాళ్లకున్నది.”