గోపురం కట్టేముందు



గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలన్న ప్రభువు బోధ (లూకా 14:28) మీరు పూజలో విన్నదే. ఇంటర్ ఫలితాలు వచ్చాక మన ఇళ్లలో ఆ లెక్క ఒకవైపే జరుగుతుంది. ఫీజు ఎంత, ప్రభుత్వం ఎంత ఇస్తుంది, వచ్చే దింపు మీద ఎంత అప్పు పుడుతుంది అని మనల్ని మనం తూచుకుంటాం. కాలేజీని తూచం. కొబ్బరి మొక్క కొనబోతే తల్లిచెట్టు ఏదని అడిగే కోనసీమవాళ్లం మనం!

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీదనే బ్రతికే కాలేజీకి ఆ సొమ్ము ఆలస్యమైతే మొదట ఆగేది అధ్యాపకుల జీతం. మంచివారు వెళ్లిపోతారు. చివరకు ‘ముందు మీరు కట్టండి’ అని కబురు ఇంటికే వస్తుంది. కువైట్‌లో ఇంటిపని చేసి తల్లి పంపిన డబ్బు అలా పోతుంది.

కనుక రంగుల కరపత్రం పక్కన పెట్టి, అక్కడ మూడో సంవత్సరం చదివే పిల్లలను అడగండి. మొదటి ఏట పాఠం చెప్పిన మాష్టార్లు ఇంకా ఉన్నారా? నిరుడు ఎన్ని సీట్లు నిండాయి? బస్సు సంగతి తర్వాత అడగవచ్చు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం అప్పగించి రాకండి. సరిచూసి వెంటనే తిరిగి ఇవ్వాలని యు.జి.సి. 2018లోనే ఆదేశించింది.

అమలాపురంలో ఎస్.కె.బి.ఆర్. కళాశాల 1951 నుంచి ఉంది. రాజోలు, కొత్తపేటల్లో ప్రభుత్వ డిగ్రీ కళాశాలలున్నాయి. ‘డిగ్రీయేనా?’ అని బంధువులు పెదవి విరిస్తే విరవనివ్వండి.

సీటు ఖాయం చేసుకునేముందు ఒక సాయంత్రం పిల్లలను కూడా పక్కన కూర్చోబెట్టుకుని లెక్క వేయండి. తాకట్టుకు వెళ్తున్నది ఏ తోటో వారికి తెలియాలి.