భూమి బేరమున కాయకశుద్ధి



విశాఖపట్టణమున 1933లో ఓడరేవు తెరువబడెను. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. క్రమముగా గాజువాక, కూర్మన్నపాలెము ప్రాంతముల పొలములు ఇండ్లస్థలములైనవి. అచట క్రయవిక్రయములకు మధ్యవర్తిగా నిలువబూనిన యువకుడు తన వృత్తి కాయకమగునా యని సందేహింపవచ్చును. శుద్ధముగా నడపినచో తప్పక అగును.

ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యమును ఏరి తెచ్చి దాసోహము నడపెడివాడు. ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ తెచ్చెను. ధర్మపత్ని లక్కమ్మ, ఆ మిగులు మనది కాదని, దానిని మరల అచటనే పోసి రమ్మని పంపెను. ముందుగా చెప్పి పుచ్చుకొను రుసుము ధర్మము. అమ్మువానికొక ధర, కొనువానికొక ధర చెప్పి నడుమ మిగుల్చుకొనునది లక్కమ్మ త్రిప్పి పంపిన బియ్యము వంటిది.

2016 నాటి రెరా చట్టము ననుసరించి, నమోదైన వెంచర్లలో స్థలములమ్మించు మధ్యవర్తి తానును నమోదు కావలెను. లింకు దస్తావేజులు, ఈ.సి., నిషేధిత భూముల జాబితా చూడక బయానా ఇప్పింపరాదు. ఏలయన, కర్మాగారమున ఆయువంతయు చెమటోడ్చి పదవీవిరమణ సొమ్ము తెచ్చినవాడు దానిని మరల సంపాదింపజాలడు. అట్టివానితో “ఈ స్థలము కొనవలదు” అని చెప్పి, తన రుసుము వదలుకొనిన నాడే ఆ యువకుని కాయకము ఆరంభమైనట్లు. అందులకు అతని ఇష్టలింగమే సాక్షి.