విసుగు వేళ విశ్వాసి ఏం చేయాలి?

 

మహదేవపూర్ లాంటి మారుమూల ఊళ్ళ నుంచి మన పిల్లలు వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయం వంటి చోట్లకు చదువులకు వెళుతుంటారు. ఇంట్లో ఉన్నప్పుడు అజాన్ కాగానే లేపే తల్లి, పని చెప్పే తండ్రి ఉండేవారు. హాస్టల్లో అలా పిలిచేవారెవరూ లేరు. పుస్తకం తెరిస్తే విసుగు, మూస్తే దిగులు. చేయి ఫోను మీదికి పోతుంది. అర్ధరాత్రి దాటినా విసుగు తీరదు సరికదా, ఫజ్ర్ నమాజ్ కూడా పోతుంది.

మరి విసుగు కలగడం పాపమా? కాదు, అది మానవ సహజం. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ప్రతి గురువారం ధర్మబోధ చేసేవారు. రోజూ చేయమని ఒకాయన కోరారు. మీకు విసుగు పుట్టించడం తనకిష్టం లేదని, దైవప్రవక్త (సల్లం) కూడా తమకు విసుగు కలగకుండా విరామమిస్తూ బోధించేవారని ఆయన జవాబిచ్చారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఈ ఉల్లేఖనం ఉంది. ధర్మబోధకే విరామం అవసరమైనప్పుడు పాఠాలకు అవసరం లేదా?

అయితే విసుగు రెండు రకాలు. అలసట వల్ల కలిగేది విశ్రాంతితో తీరుతుంది. ఎందుకు చదువుతున్నామో తెలియక కలిగేది విశ్రాంతితో తీరదు. దానికి మందు నియ్యత్, అంటే సంకల్పం. మహదేవపూర్‌లో దసలి పట్టు నేసే కార్మికుణ్ణి చూడండి. ఒక్కో పోగునే చూస్తూ కూర్చుంటే ఎవరికైనా విసుగే. నేయబోయే చీర మనసులో ఉంది కాబట్టే అతని చేయి ఆగదు.

విద్యార్థులారా! అయిదు పూటల నమాజే మీ దినచర్యకు హద్దులు గీస్తుంది. అసర్ తర్వాత కాసేపు ఆట, నడక. మగ్రిబ్ తర్వాత ఒకే ఒక్క పాఠం. ఇషా తర్వాత ఫోను దూరం. కొంచెమైనా సరే, నిలకడగా చేసే పనే అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమని ప్రవక్త (సల్లం) బోధించారు. తీరిక దొరికితే జ్వరంతో పడుకున్న తోటి విద్యార్థిని పలకరించండి, జూనియర్‌కు ఒక లెక్క నేర్పండి.

తల్లిదండ్రులారా! ఫోను చేసినప్పుడు మార్కులే కాదు, మనసెలా ఉందో కూడా అడగండి. వారాల తరబడి నిద్ర, ఆకలి లేక, దేనిమీదా ఆశ లేకుంటే అది వట్టి విసుగు కాదు. విశ్వాసం తగ్గిందని నిందించకండి, వైద్యుని దగ్గరికి తీసుకెళ్ళండి. చికిత్స చేయించుకోమన్నదీ ప్రవక్త (సల్లం) వారే.

నిస్సహాయత నుంచి, సోమరితనం నుంచి ఆయన అల్లాహ్ శరణు వేడేవారు. అల్లాహ్ మన పిల్లల తీరికను శుభాలతో నింపుగాక! ఆమీన్.